నాయన పేరు

నా చిన్నప్పుడు మా వీధిలో ఏ ఇల్లాలూ మొగుడి పేరు నోటితో పలికేది కాదు. పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని భయం. మా అమ్మ మా నాయనను ‘వాళ్ళు’ అనేది. మా అవ్వ ‘పెద్దోడు’ అనేది. మా పత్తి విత్తనాల కొట్టుకు వచ్చే రైతులు ‘మొదలాళి’, అంటే షావుకారు, అని పిలిచేవాళ్ళు. పిల్లలమైన మాకు ఆయన నాయన, అంతే. నాకు ఎనిమిదేళ్ళు నిండేదాకా ఆయనకు ఇంకో పేరు ఉంటుందన్న ఆలోచనే రాలేదంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు.

ఆ పేరు నాకు నేర్పింది పక్కింటి అత్త. అందరూ ఆమెను రంగూన్ అత్త అనేవాళ్ళు.

మాది రాజపాళయం. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. అవి యుద్ధం రోజులు. జపానువాళ్ళు బర్మాలోకి వచ్చినప్పుడు అక్కడ బతుకుతున్న మనవాళ్ళు వేలకు వేలు కొండదారుల వెంట నడిచి తిరిగొచ్చారు. అలా వచ్చినవాళ్ళలో ఈ అత్త ఒకతె. ఆమె భర్త రంగూనులో బియ్యం మిల్లు గుమాస్తా. ఆయనా, వాళ్ళ పాపా దారిలోనే జ్వరంతో పోయారని చెప్పింది. ఆమె చంకలో ఒక మూటతో, పుండ్లు పడిన కాళ్ళతో, మా పక్కింట్లో ఉన్న అన్న దగ్గరికి చేరుకుంది. వచ్చిన కొత్తలో చాలా నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. పెరట్లో కూర్చుని పప్పు ఏరుతూ ఉండేది. ఏరిన పప్పునే మళ్ళీ ఏరేది. మేము గోడ మీదనుంచి తొంగిచూసి పారిపోయేవాళ్ళం.

ఒకరోజు ఉన్నట్టుండి ఆమె మా ఇంటికి వచ్చి, మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలను తన దగ్గరికి పంపమని మా అమ్మను అడిగింది. ఆ గంటసేపు పిల్లల అల్లరి తప్పితే చాలని మా అమ్మ ఒప్పుకుంది. అలాగే ఇంటింటికీ వెళ్ళి అడిగింది. మొత్తం మీద ఎనిమిదిమందిమి పోగయ్యాం. వాళ్ళ ఇంటి తిన్నె మీద సన్నటి ఇసుక పోసి మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టేది.

నేను అప్పటికే పళ్ళికూడంలో మూడో తరగతి. తరగతిలో నేనే ఫస్టు. పద్యాలు గడగడా అప్పజెప్పేదాన్ని. అందుకని ఆమె కూడా ఏవో పద్యాలు చెబుతుందనుకున్నాను. ఆమె చెప్పినవి వేరు. మొగపిల్లల చేతికి సూది ఇచ్చి గుండీ కుట్టించేది. విప్పితే ఊడివచ్చే ముడి ఎలా వేయాలో, ఎంత లాగినా ఊడని ముడి ఎలా వేయాలో తాడుతో చూపేది. నీళ్ళు ఎంతసేపు మరిగితే తాగడానికి పనికొస్తాయో, కాలిన చేతికి ముందు ఏం చేయాలో చెప్పేది. గోడ గడియారం బొమ్మ ఇసుకలో గీసి టైము చెప్పమనేది. రైలు పట్టా గీసి ఒక్కో స్టేషను పేరు అరవంలోనూ ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనూ రాయించేది. విరుదునగర్, తిరుత్తంగల్, శివకాశి, శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం. ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకు. శ్రీవిల్లిపుత్తూరు నుంచి మన ఊరికి వచ్చేటప్పుడు కొండలు కుడిచేతి వైపు ఉంటాయి, మరిచిపోవద్దు అనేది.

వీటన్నిటికంటే ముందు, ప్రతిరోజూ, విలాసం చెప్పించేది. తన పేరు, తండ్రి పేరు, వీధి పేరు, ఊరు, తాలూకా, జిల్లా. ఒకరి తర్వాత ఒకరు నిలబడి గట్టిగా చెప్పాలి. ముందు తెలుగులో, తర్వాత అరవంలో. మొదటిరోజు ఆమె నన్ను లేపి మీ నాయన పేరేమని అడిగితే నేను “నాయన” అన్నాను. పిల్లలందరూ నవ్వారు. అత్త మాత్రం నవ్వలేదు. ముఖం ఎలాగో పెట్టి, కాసేపు ఇసుక వైపు చూసి, మా నాయన పేరు తనే చెప్పింది. ఆ పేరు విని నేను సిగ్గుపడ్డాను. ఏదో చూడకూడనిది చూసినట్టనిపించింది.

మా తమ్ముడికి అప్పుడు నాలుగేళ్ళు. వాడికి మాటగా చెబితే గుర్తుండేది కాదు. అందుకని ఆమె వాడికి రోకటిపాట వరసలో కట్టి ఇచ్చింది. మా నాయన పేరు ఫలానా, మా వీధి గానుగవీధి, మా ఊరు రాజపాళయం, తాలూకా శ్రీవిల్లిపుత్తూరు, జిల్లా రామనాథపురం. వాడు దాన్ని పట్టుకుని వదల్లేదు. స్నానం చేయిస్తుంటే పాడేవాడు, అన్నం తింటూ పాడేవాడు, వీధి మధ్యన నిలబడి నాయన పేరు ఎత్తుకుని గొంతు చించుకునేవాడు.

మా అవ్వకు ఒళ్ళు మండింది. “కన్న నాయనను పేరు పెట్టి అరిసే చదువు ఏం చదువు? కోర్టు బంట్రోతు గూడ ఇట్ల పిలవడు” అని పక్కింటికి వినపడేలా అంది. వీధిలో పెద్దవాళ్ళు చాలామందికి అదే మాట. నలుగురైదుగురు పిల్లలను మానిపించారు. మా అమ్మ మాత్రం మమ్మల్ని పంపుతూనే ఉండేది, అవ్వ పడుకున్న సమయం చూసి. నేనైతే మనసులో అవ్వ పక్షమే. గుండీలు కుట్టడం, గడియారం చూడడం ఏం చదువని, ఆ పాట మాకు నగుబాటని అనుకునేదాన్ని. వాడు పాడినప్పుడల్లా తొడ మీద గిల్లి నోరు మూయించేదాన్ని.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఆడి నెల, అంటే మన ఆషాఢం, వచ్చింది. శ్రీవిల్లిపుత్తూరులో తేరు. అమ్మ, నేను, తమ్ముడు, మా చిన్నమామ నలుగురం పొద్దున్నే వెళ్ళాం. మామకు అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా లేవు. అమ్మకు తమ్ముడు, మాకు ఆటల్లో తోడు. తేరు చూసి, అక్కడే బంధువుల ఇంట్లో భోంచేసి, మధ్యాహ్నం మూడు దాటాక స్టేషనుకు వచ్చాం.

యుద్ధం వల్ల బళ్ళు తగ్గించేశారు. ఉన్న రెండు బళ్ళకే ఊళ్ళకు ఊళ్ళు వేలాడేవి. ఆ రోజు ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టే చోటు లేదు. మా బండి వచ్చే వేళకే ఎదురు బండి కూడా వచ్చి, రెండూ ఆ స్టేషనులోనే దాటుకోవాలి. ఆ సంగతి మామకు తెలియదు. ముందు ఒక బండి వచ్చి ఆగగానే జనం దాని మీద పడ్డారు. అప్పట్లో కిటికీలకు ఊచలు ఉండేవి కావు. మామ నన్ను ఎత్తి కిటికీలోంచి లోపలికి తోశాడు, నా వెనకే తమ్ముణ్ణి అందించాడు. “తువ్వాలు పరిచి కూచో, అక్కను తోడుకోని వస్తా ఉండా” అని వెనక్కి పరిగెత్తాడు. సీట్లు పట్టుకోవడానికి పిల్లలను అలా ముందుగా తోయడం అందరూ చేసేదే.

తువ్వాలు పరిచాను. తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. అవతలి పట్టా మీదికి ఇంకో బండి రావడం చూశాను. ఇంతలో మేము కూర్చున్న బండి కదిలింది. కిటికీలోంచి తల బయట పెట్టి చూస్తే జనం తలల మధ్యన మా అమ్మ చీర రంగు కనబడింది. ఆమె అవతలి బండి వైపు తిరిగి ఉంది. మామ ఒక్కడే మా పెట్టె వెంట పరిగెత్తుతున్నాడు. నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు, వినపడలేదు. ప్లాట్‌ఫారం అయిపోయింది. మామ ఆగిపోయాడు.

అమ్మ వెనక పెట్టెలో ఎక్కి ఉంటుందిలే అని తమ్ముడికి చెప్పాను. నాకు నేను చెప్పుకున్నాను. కానీ అమ్మను నేను కళ్ళతో చూశాను కదా. కాసేపటికి కొండల కోసం చూశాను. కుడిచేతి వైపు లేవు. ఎడమ వైపూ లేవు. వెనకబడి, పొగమంచులా పల్చబడి, దూరమైపోతున్నాయి. అప్పుడు తెలిసింది, మేము ఇంటికి పోవడం లేదు. పెట్టెలో అందరూ కొత్తవాళ్ళు. ఎవరిని అడగాలో తెలియదు, ఏమని అడగాలో తెలియదు.

తమ్ముడికి నా భయం అంటుకుంది. అమ్మ కావాలని మొదలుపెట్టి, ఏడవబోయి, ఏడుపుకు బదులు పాట ఎత్తుకున్నాడు. మా నాయన పేరు అంటూ గట్టిగా పాడాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరో ఇంకోసారి పాడమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. వాడి తొడ పట్టుకుని గట్టిగా, ఎప్పటికంటే గట్టిగా గిల్లాను. “ఇంకోతూరి పాడితే నిన్ను ఇక్కడే ఇడిసిపెట్టి పోతా” అన్నాను. వాడు టక్కున ఆపేశాడు. నా వైపు చూశాడు, అంతే. కళ్ళలో నీళ్ళు నిండాయి కానీ నోరు తెరవలేదు.

బండి ఆగింది. బోర్డు చూశాను. శివకాశి. అత్త ఇసుకలో రాయించిన అక్షరాలే, ఇక్కడ మనిషంత ఎత్తున ఉన్నాయి. ఎటు పోతున్నామో ఇప్పుడు ఖాయంగా తెలిసింది. తప్పిపోతే అక్కడక్కడే తిరగకుండా టోపీ పెట్టుకున్న స్టేషను మాస్టరు దగ్గరికి పోయి నిలబడమని ఆమె చెప్పింది. ఎంత ముందు దిగితే ఇంటికి అంత దగ్గర అనుకున్నాను. తమ్ముడి చేయి పట్టుకుని తలుపు దగ్గరికి తోసుకుంటూ వెళ్ళాను. మెట్టు చాలా ఎత్తు. ముందు నేను దిగి వాణ్ణి దించుకుందామనుకున్నాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదే.

నేను కిందికి దూకి వెనక్కి తిరిగేసరికి తలుపు నిండా మనుషులు. ఎక్కేవాళ్ళు మూటలతో మీదపడుతున్నారు. వాళ్ళ కాళ్ళ సందులోంచి తమ్ముడి చేయి ఒక్కసారి కనబడింది. అందుకోబోయాను. ఎవరి మోచేయో తగిలి పక్కకు పడ్డాను. లేచేసరికి ఆ చేయి లేదు. బండి కదులుతోంది. అరుస్తూ వెంట పరిగెత్తాను. నాతో పాటు పరిగెత్తేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు, అందరూ అరుస్తున్నారు, నా అరుపు ఎవరికి ప్రత్యేకం? కంకరలో కాలు మడతపడి బోర్లాపడ్డాను. చివరి పెట్టె నా పక్కనుంచి వెళ్ళిపోయింది.

మోకాళ్ళ రక్తంతోనే స్టేషను మాస్టరు గదిలోకి వెళ్ళాను. అది అడుగుపెట్టే చోటో కాదో ఆలోచించలేదు. ఆయన కాగితాల మీదనుంచి తల ఎత్తకుండానే ఎవరు నువ్వు అని అరవంలో అడిగాడు. నేను అత్త ముందు నిలబడినట్టే నిలబడి చెప్పాను. నా పేరు. మా నాయన పేరు. గానుగవీధి, రాజపాళయం, శ్రీవిల్లిపుత్తూరు తాలూకా, రామనాథపురం జిల్లా. ఒక్క మాట తడబడలేదు. ఆయన తల ఎత్తాడు. తర్వాత తమ్ముడి సంగతి చెప్పాను. వాడి వయసు, చొక్కా రంగు, నొసటి మీద మచ్చ ఒక్కొక్కటీ ఆయన అడిగి రాసుకున్నాడు. వెంటనే తంతి మిషను దగ్గరికి వెళ్ళి టకటకా కొట్టించాడు. వెనక శ్రీవిల్లిపుత్తూరుకు, ముందు తిరుత్తంగల్‌కు, ఆ పైన విరుదునగర్‌కు. నన్ను గోడ పక్క బెంచీ మీద కూర్చోమన్నాడు. కూలీ ఒకాయన మంచినీళ్ళు తెచ్చి మోకాళ్ళు కడిగాడు.

ఎదురుగా గోడ మీద గడియారం. నాకు టైము చూడడం వచ్చు. ఆ రోజు రాకపోయి ఉంటే బాగుండేదనిపించింది. నాలుగుంబావు. నాలుగున్నర. తిరుత్తంగల్ నుంచి జవాబు వచ్చింది. కబురు అందేసరికే బండి దాటిపోయిందట. ఐదయింది. విరుదునగర్ నుంచి జవాబు వచ్చింది. ఆ కాగితం చదివి మాస్టరు నా వైపు చూడలేదు. కూలీని బయటికి పిలిచి మెల్లగా చెప్పాడు. నా చెవులు అక్కడే ఉన్నాయి. బండి మొత్తం ఖాళీ చేయించి ప్రతి పెట్టే వెతికారు. అలాంటి పిల్లవాడు లేడు.

కాసేపటికి ఎర్రజెండా చేతిలో పట్టుకుని ఒక మనిషి పట్టా వెంట నడిచి వెళ్ళడం కిటికీలోంచి కనబడింది. ఎందుకు వెళుతున్నాడో నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కరలేదు. తలుపు దగ్గర వాడి చేయి కనబడిన చోటు గుర్తొచ్చింది. ఆ మెట్టు గుర్తొచ్చింది.

ఆ గంటలో నేను ఏ దేవుడికీ మొక్కలేదు. నా బుర్రలో ఒకటే తిరిగింది. వాడికి ఒక పాట వచ్చు. ఆ పాట వాడి నోట్లో ఉంటే ఎవరు విన్నా ఇంటికి చేరుస్తారు. ఆ నోటిని మూయించింది నేను. ఇంకోసారి పాడితే వదిలేసి పోతానన్నాను, అన్నట్టే వదిలేశాను. వాడు ఇక పాడడు. బతికున్నా సరే, పాడడు. నా చేతి రెండు వేళ్ళను చూసుకుంటూ కూర్చున్నాను.

ఐదు గంటల నలభై నిమిషాలకు తంతి మిషను మళ్ళీ కొట్టుకుంది. మాస్టరు నిలబడే విన్నాడు. రాసుకోవడం మధ్యలో ఆపి, నా వైపు తిరిగి, మీ నాయన పేరు ఇంకోసారి చెప్పమ్మా అన్నాడు. చెప్పాను. వీధి పేరు అడిగాడు. చెప్పాను. అప్పుడాయన టోపీ తీసి బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు. తిరుత్తంగల్‌లో ఉన్నాడు, బాగానే ఉన్నాడు అన్నాడు. అంతదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

జరిగింది తర్వాత తెలిసింది. తలుపు దగ్గర ఏడుస్తున్న తమ్ముణ్ణి ఒక ముసలి రైతు ఎత్తుకున్నాడు. అక్క దిగిపోయిందని పక్కవాళ్ళు చెబితే, వెనక బండిలో వస్తుందేమోనని వాణ్ణి తీసుకుని తిరుత్తంగల్‌లో దిగాడు. అది ఆయన దిగాల్సిన స్టేషనే. స్టేషను బయట నిలబడి కాసేపు చూశాడు. ఎవరూ రాలేదు. స్టేషనులో ఎవరికి చెప్పాలో ఆయనకు తెలియలేదు. పేరడిగితే వాడు నోరు విప్పలేదు. ఊరడిగితే విప్పలేదు. చీకటి పడేలోగా ఇల్లు చేరాలి కాబట్టి, మర్నాడు మునసబుతో చెప్పి చూద్దామని వాణ్ణి తన ఎద్దులబండిలో ఎక్కించుకుని ఊరికి బయలుదేరాడు. రెండు మైళ్ళు పోయాక పిల్లవాడి ఏడుపు వినలేక, ఒక పాట పాడు తంబీ, పాడితే ఎద్దులు పరిగెత్తుతాయి చూడు అన్నాడు. తమ్ముడు ఏడుపు ఆపాడట. పాడితే తిడతారా అని అడిగాడట. ఎవరు తిడతారు, నేనున్నా కదా అన్నాడట ఆయన. అప్పుడు పాడాడు. వాడికి వచ్చింది ఆ పాట ఒక్కటే. ముసలాయన ఇంకోసారి పాడించుకుని విన్నాడు. మూడోసారి పాడుతుండగా ఎద్దులను వెనక్కి తిప్పాడు.

విరుదునగర్ నుంచి తిరిగొచ్చే సాయంత్రం బండిలో తమ్ముడు గార్డు పెట్టెలో వచ్చాడు, చేతిలో మురుకుతో. నన్ను చూసి ముందుగా అన్న మాట, “తాత పాడమన్నాడు అక్కా” అని. తను తప్పు చేయలేదని చెప్పుకుంటున్నాడు. నేను వాణ్ణి పట్టుకున్నాను. శ్రీవిల్లిపుత్తూరు వచ్చేదాకా వదల్లేదు.

అక్కడ అమ్మ ఎక్కింది. మామ మా కోసం పట్టా వెంట శివకాశి వైపు పరిగెత్తి, సగం దారి నుంచి అప్పుడే తిరిగొచ్చాడట. కాళ్ళు నెత్తురు. అమ్మ మమ్మల్ని ఇద్దర్నీ తడిమి చూసింది. ఆ స్టేషనులో ఏం జరిగిందో చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. అక్కడి మాస్టరు మొదట అడిగింది పిల్లల తండ్రి పేరేమని. మామ అప్పటికే పరిగెత్తి వెళ్ళిపోయాడు. చెప్పడానికి అమ్మ తప్ప ఎవరూ లేరు. నోరు తెరిచింది, మాట రాలేదు. వాళ్ళకు పత్తి విత్తనాల కొట్టు అంది. ఏ ఊళ్ళో లేదమ్మా కొట్టు, పేరు చెప్పు అన్నాడాయన. ఏటిలో దిగినట్టు కళ్ళు మూసుకుని చెప్పిందట. పెళ్ళయిన పదకొండేళ్ళలో అదే మొదటిసారి. చెప్పాక ఆయుష్షు గురించి కాదట భయమేసింది. ఈ మాట చెప్పడానికి నేను తీసుకున్న ఆ కాసేపట్లో పిల్లలకు ఏమైనా అయి ఉంటే, అని.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు. వీధి వీధంతా మా గడపలోనే ఉంది, రంగూన్ అత్త తప్ప. మర్నాడు పొద్దున అమ్మ నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్ళింది. అత్త పెరట్లో కూర్చుని ఉంది. రాత్రి నిద్రపోయినట్టు లేదు. అమ్మ జరిగిందంతా చెప్పింది. అత్త అడ్డు రాకుండా విని, ఒకటే అడిగింది.

“బిడ్డ జిల్లా దాక చెప్పినాడా?”

చెప్పాడని అమ్మ అంది. అత్త కొంగుతో మొహం కప్పుకుంది. కొంగు తీసి మాట్లాడింది. ఆమె మాటలు నాకు అక్షరం తప్పకుండా గుర్తున్నాయి, అప్పుడు సగమే అర్థమైనా.

“నా బిడ్డ జ్వరంతో పోలేదు వదినా. జ్వరంతో పోయిందని చెప్పుకుంటే ఓర్చుకునేదానికి అవుతాదని అట్ల చెప్పినా. ఏరు దాటేకాడ పడవలకు తోపులాట. నా చెయ్యి విడిచిపోయింది. రెండు దినాలకు క్యాంపులో పుస్తకం పెట్టుకోని కూచున్న ఆయన చెప్పినాడు. ఇట్ల ఒక పాప వచ్చింది, పేరేమంటే చెల్లం అని ముద్దుపేరు చెప్పింది, నాయన పేరేమంటే నాయన అనింది, ఊరేమంటే మా ఊరు అనింది, ఏమని రాసేది తల్లీ అన్నాడు. అట్లాంటి బిడ్డలు ఆ పొద్దు ముగ్గురంట. ఏదో పడవలో ఎక్కించి పంపేసినారంట. ఏ పడవో ఆయనకు తెలీదు.”

అమ్మ ఆమె చేయి పట్టుకుంది. అత్త ఇంకా చెప్పింది.

“ఐదేండ్లు దానికి. ముప్పై పాటలు వచ్చును. అన్నీ నేను నేర్పినవే. వాళ్ళ నాయన పేరు మాత్రం నేర్పలేదు. నా నోట రాని పేరు దానికి ఎట్ల వచ్చును?”

అమ్మ ఆ మధ్యాహ్నమే వచ్చి మాతో పాటు తిన్నె మీద కూర్చుంది. ఇంత వయసొచ్చి పిల్లల మధ్యన కూర్చోవడానికి ఆమెకు ఎంత సిగ్గో నాకు తెలుసు. మూడు రోజులకు మా నాయన పేరు ఇసుకలో రాసింది. మానిపించిన పిల్లలందరూ తిరిగొచ్చారు, కొత్తవాళ్ళూ వచ్చారు. మా అవ్వ ఒప్పుకున్నానని ఎప్పుడూ అనలేదు. కానీ ఎండ తిన్నె మీద పడుతోందని తాటాకు తడిక ఒకటి కట్టించింది. తమ్ముడు పాడినప్పుడు లేచి లోపలికి వెళ్ళడం మానేసింది. నేను గుండీలు కుట్టడం మొదలుకొని ఆమె చెప్పిన ప్రతి పనీ శ్రద్ధగా నేర్చుకున్నాను. పద్యాలు అప్పజెప్పి మెప్పు పొందడం వేరు, ఒక మాట సమయానికి నోట్లో ఉండడం వేరని ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడే నాకు తెలిసింది.

పెళ్ళయి నేను సేత్తూరు వెళ్ళాను. ఉద్యోగం చేయలేదు, పళ్ళికూడంలో పాఠం చెప్పలేదు. అయినా మా పొలంలో కలుపు తీయడానికి వచ్చేవాళ్ళ పిల్లలు, మా వీధి పిల్లలు, నా పిల్లలు, మనవళ్ళు ఎవరైనా సరే, నా చేతికి చిక్కితే ముందు విలాసం, ఆ తర్వాతే మిగతావి. తల్లులను కూడా వదల్లేదు. మొగుడి పేరు చెప్పడానికి తలవంచుకునే కోడలుపిల్లలతో రెండు మూడుసార్లు చెప్పించేదాన్ని. ఇప్పుడు మా మనవరాళ్ళు, ఫోనులుండగా ఇదంతా ఎందుకు అవ్వా అంటారు. నేను వాదించను. వాళ్ళ పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పిస్తాను. జిల్లా దాకా చెప్పేవరకు దించను.

నాకు తొంభై ఏళ్ళు. రంగూన్ అత్త పోయి చాలా కాలమైంది. పోయేదాకా ఆ పాప గురించి మళ్ళీ మాట్లాడలేదు, మేమూ అడగలేదు. ఆ పిల్ల నాకంటే రెండేళ్ళు చిన్నది. ఎవరో ఒకరు పెంచి ఉంటారని, ఎక్కడో వేరే పేరుతో, వేరే భాషలో, మనవళ్ళతో ఉండి ఉంటుందని అనుకుంటాను. ప్రతి ఏడూ ఆడి నెల రాగానే ఆమె వయసుకు ఒక ఏడు కలుపుతాను. ఈ ఆడికి ఆమెకు ఎనభై ఎనిమిది.